నలభై రెండు మెట్ల నిచ్చెన

"పది నిమిషాలన్నా. పదకొండో నిమిషం అడగొద్దు," అంటూ సీఐ భూపేష్ తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

పదకొండు నలభై. నాలుగింటికి శివలీలను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలు. బెయిలు తెచ్చేవాళ్ళు ఆమెకు ఎవరూ లేరు. అలాంటివాళ్ళకు జైల్లో ఏమవుతుందో స్టేషన్లో అందరికంటే బాగా ఏసుకుమార్‌కు తెలుసు, ఎందుకంటే తొమ్మిదేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే బల్లకు అవతలి పక్క ఎస్సైగా కూర్చున్నది అతనే. ఇప్పుడు అతనికి యూనిఫాం లేదు. కర్నూలు బస్టాండు ఎదురుగా మేడ మీద ఒక గది, ఒక బోర్డు, బోర్డు మీద 'ప్రైవేటు డిటెక్టివ్' అనే మాట మాత్రం ఉన్నాయి.

శివలీల బెంచీ చివర కూర్చుంది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. కోసిగి పక్క పల్లె నుంచి వచ్చి ఆరేళ్ళుగా రిటైర్డు ఇంజనీరు తిమ్మయ్య ఇంట్లో వంట చేస్తోంది. బుధవారం పొద్దున ఏడింటికి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, ఆయన కర్రతో ఓడ నమూనా కట్టుకునే గదిలో ఆయన శవాన్ని మొదట చూసింది ఆమే. ముఖం మీద దిండు. మెడలో గొలుసు లేదు. ఏసీ పదహారు మీద తిరుగుతూ ఉంది. ఆ చలిలో శవం ఉండటం వల్ల డాక్టరు సమయం కచ్చితంగా చెప్పలేకపోయాడు. సాయంత్రం ఐదున్నరకూ రాత్రి పదికీ మధ్య అన్నాడు.

"మంగళవారం సాయంత్రం సంగతి మొదటి నుంచి చెప్పు," అన్నాడు ఏసుకుమార్.

"ఎన్నిసార్లు చెప్పేది సార్. రెండు దినాల నుంచి ఇదే చెప్తాండా. ఇంట్లో అమ్మ, కృష్ణవేణమ్మ, శనివారమే వేంపల్లెకు పోయింది, తమ్ముని కూతురు పెండ్లి పనులకు. మంగళవారం నాలుగు ముక్కాలుకు ఆ తమ్ముడే, ఓబుళేశన్న, వచ్చినాడు. పెండ్లి పత్రికల అట్టపెట్టె చంకలో ఉండాది. ఇద్దరూ ఓడ కాడ కూర్చున్నారు. ఐదున్నరకు టీ ఇచ్చినా. అయ్య బ్రెడ్డు ముంచుకోని తిన్నాడు."

"ముంచుకోని ఎందుకు?"

"పండ్లు లేవు కద సార్. ఆయన నోట్లో ఒగ పన్నూ లేదు, అన్నీ కట్టుడువే. సెట్టు పగిలితే శనివారం డాక్టరు కాడ ఇచ్చినాడు. బుధవారం ఇస్తామన్నారు. అప్పటిదాకా జావ పోస్తాండా."

ఏసుకుమార్ ఆ మాట రాసుకోలేదు. గుర్తు పెట్టుకున్నాడు.

"ఓడ పనిలో నువ్వు కూడా సాయం చేస్తావంట?"

"ఓబుళేశన్న రాని దినాల్లో. అదేం పని సార్, ఎదురుగా కూర్చోని దారం కొస పట్టుకోవల్ల. అయ్య ముడి వేసి జిగురు సుక్క పెట్టేదాకా కదలకూడదు. ఒగ తూరి తుమ్మినానని అరగంట తిట్టినాడు. ముక్కు నాదని కూడా చూడలే."

"మంగళవారం పట్టుకున్నావా?"

"ఇద్దరు మగోళ్ళు ఉండారు కదా, నేనెందుకు. టీ గ్లాసులు తీసుకుంటాండా, అయ్య అన్నాడు, 'గురువారం పోయి చెప్పేస్తా ఓబుళేశూ, ఇంక నా వల్ల కాదు' అని. ఓబుళేశన్న ఏమీ అనలే. నా పక్క తిరిగి, 'నువ్వు పో శివలీలా, నేనుండా కదా' అన్నాడు. ఐదు నలభైకి ఇంటికి పోయినా. అంతే."

"ఈ మాట సీఐకి చెప్పినావా?"

"చెప్తే, గొలుసు యాడ పెట్టినావో అది చెప్పు, అంటాడు." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "సార్, నన్ను జైల్లో పెడితే మా యమ్మకు ఎవరు చెప్తారు? పేపర్లో ఏస్తారంట. ఆమెకు చదవను రాదు."

భూపేష్ తలుపు దగ్గర దగ్గాడు. పది నిమిషాలు కాలేదు. ఏసుకుమార్ ఆ సంగతి ఎత్తలేదు.

వరండాలో భూపేష్ సిగరెట్టు ముట్టించి, అతనికి ఇవ్వబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నీకు సాక్షి కావాలా అన్నా? ఆ ఓడే నా సాక్షి. తిమ్మయ్య మంగళవారం ఐదు గంటల రెండు నిమిషాలకు ఫోటో తీసి, ఓడలు చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. 'కుడి నిచ్చెన ఈరోజు మొదలు' అని రాసినాడు. అదే, తెరచాప కొయ్యకు కట్టే దారాల నిచ్చెన. ఫోటోలో కుడి పక్క నిలువు దారాలు ఐదు తప్ప ఒక్క మెట్టు లేదు. బుధవారం పొద్దునకు నలభై రెండు మెట్లున్నాయి. ఇద్దరు కూర్చుంటే గంటకు పన్నెండు మెట్లు, ఆయన నోటుబుక్కులో ఆయనే రాసుకున్నాడు. అంటే మూడున్నర గంటలు. ఎనిమిదిన్నర దాకా ఆయన బతికే ఉన్నాడు. ఓబుళేశు ఆరు పదికి గేటు దాటినాడు, ఎదురింటి కెమెరాలో ఉంది. ఏడు ఇరవైకి డోన్ హోటల్లో దోసె తింటున్నాడు, అక్కడా కెమెరా ఉంది. మరి ఎనిమిదిన్నర దాకా ఎదురుగా కూర్చుని దారం పట్టుకున్నది ఎవరు? ఇంటి తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?"

"శివలీల ఐదు నలభైకి గేటు దాటింది. అదీ కెమెరాలో ఉంది కదా."

"వెనక సందులోంచి తిరిగి వచ్చింది. ఆ పక్క కెమెరా లేదు."

"లేని కెమెరాను సాక్ష్యంగా చూపిస్తావా?"

భూపేష్ పొగ వదిలాడు. నవ్వలేదు.

"గంటలు కూడి మనిషిని పట్టుకోవడం నువ్వు నేర్పిందే కదన్నా. ఉమామహేశ్ కేసులో."

ఏసుకుమార్ మెట్లు దిగాడు. ఉమామహేశ్ ఒక లారీ క్లీనరు. తొమ్మిదేళ్ళ కిందట ఏసుకుమార్ టోల్‌గేటు చీటీలు పక్కపక్కన పెట్టి, గంటలు కూడి, హత్య జరిగిన చోట అతను తప్ప ఇంకెవరూ ఉండే వీల్లేదని తేల్చాడు. అప్పుడు ట్రైనింగులో ఉన్న భూపేష్ ఆ కాగితాలు మోశాడు. ఆరు నెలలకు అసలు దోషి దొరికాడు. ఉమామహేశ్‌కు ఆ వార్త చెప్పడానికి వీలు కాలేదు. అప్పటికి నాలుగు నెలల ముందే జైలు స్నానాల గదిలో లుంగీతో ఉరి వేసుకున్నాడు. ఏసుకుమార్ మరుసటి వారం రాజీనామా రాశాడు. లెక్క మాత్రం ఎక్కడా తప్పలేదు. ఒక చీటీ వేరే లారీది, అంతే.

*

తిమ్మయ్య ఇంటికి చేరేసరికి ఒంటిగంట ఇరవై. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, పరామర్శకు వచ్చిన మనుషులు. ఓబుళేశు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. యాభై ఐదేళ్ళ కాంట్రాక్టరు. చలువ చేసిన తెల్లచొక్కా, గడ్డం గీయని ముఖం.

"రాప్పా ఏసుకుమారూ. అక్క నిన్ను పెట్టిందని విన్నా. ఆడమనిషి, మనసు ఊరుకోదు. మేమెవురమూ కాదనలే."

మాట్లాడినప్పుడు అతని పైవరసలో ముందు పన్ను ఒకటి ఏటవాలుగా విరిగి కనిపించింది.

"గురువారం మీ బావ ఎక్కడికి పోవాల్సింది?"

"ఎంక్వైరీకి. డ్యాం సంగతి. ఏదో సంతకం పెట్టి వచ్చేది."

డ్యాం సంగతి ఏసుకుమార్‌కు ముందే తెలుసు. నిన్న ఫోన్ చేసినప్పుడు తిమ్మయ్య భార్య కృష్ణవేణమ్మ మాటల్లో మాటగా చెప్పింది. వేంపల్లె పక్కన వంక మీద ఓబుళేశు కట్టిన చెక్‌డ్యాం పోయినేటి వానకు తెగింది. ఇద్దరు కూలీలు కొట్టుకుపోయారు. కట్టింది తమ్ముడు, బాగుందని సంతకం పెట్టింది బావ. ఆ సంతకం పెట్టినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదప్పా, అంది ఆమె. ఇంకో మాట కూడా అంది. "శివలీల అట్ల చేసేది కాదు. ఎవరు చేసినారో కనుక్కో. ఎవరైనా సరే."

అప్పుడు ఆమె ఎవరిని ఊహించుకుని ఆ మాట అందో ఏసుకుమార్‌కు తెలియదు. తమ్ముణ్ణి మాత్రం కాదు.

కానిస్టేబుల్ గోపన్న ఓడ గది సీలు తీశాడు. "సీఐ సారు అరగంటన్నాడు సార్. ఆయనే వస్తాండాడు," అని తలుపు పక్కన నిలబడ్డాడు.

గది నడుమ పొడుగాటి బల్ల. దాని మీద మూడు తెరచాప కొయ్యల కర్ర ఓడ. రెండున్నర అడుగులుంటుంది. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళు రాని కాలువలకు తలుపులు బిగించిన ఇంజనీరు, ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చుని ఓడ కట్టాడు. మధ్య కొయ్య కొన నుంచి ఓడ అంచుకు రెండు పక్కలా ఐదేసి నిలువు దారాలు ఏటవాలుగా దిగుతున్నాయి. వాటి మీద అడ్డంగా, నావికులు ఎక్కే మెట్లలా, సన్నటి దారాలు. ఒక్కో మెట్టుకు ఐదు ముడులు. ఎడమ పక్క నిచ్చెన పోయిన నెలదే. కుడి పక్కది మంగళవారం నాటిది.

బల్లకు ఇటొక కుర్చీ, అటొక కుర్చీ. ఒకరు ముడి వేయాలి, ఎదుటివారు కొస పట్టి బిగువుగా ఉంచాలి. బిగువు సడలితే నిలువు దారాలు దగ్గరికి లాక్కుపోయి నిచ్చెన నడుం సన్నబడుతుంది.

ఏసుకుమార్ ముందు ఓడను చూడలేదు. ఓడ కింద పరిచిన కాగితాలు చూశాడు.

ఎడమ వైపున్నది పోయిన నెల దినపత్రిక. దాని మీద జిగురు చుక్కలు ఎండి, గసగసాలు చల్లినట్టు ఉన్నాయి. కత్తిరించిన దారపు ముక్కలు వాటికి అంటుకుని ఉన్నాయి. ఆ పక్క నిచ్చెన కట్టినన్నాళ్ళూ ఆ కాగితం అక్కడే ఉంది.

కుడి వైపున్నది మంగళవారం నాటి పత్రిక. టీ గ్లాసు అడుగు గుండ్రంగా ముద్రపడి ఉంది. రెండు బ్రెడ్డు పలుకులు. జిగురు చుక్క ఒక్కటి లేదు.

"గోపన్నా, ఈ కాగితం ఎవరన్నా మార్చినారా?"

"మేము చేయి పెట్టలేదు సార్. ఫోటోలు తీసి సీలేసినాము."

నలభై రెండు మెట్లు, మెట్టుకు ఐదు ముడులు. రెండు వందల పది ముడులకు రెండు వందల పది జిగురు చుక్కలు. కింద ఒక్కటీ పడలేదు.

అతను తిమ్మయ్య వాడే భూతద్దాన్ని తలకు తగిలించుకున్నాడు. పట్టీ ఇంకా ఆయన తలకు సరిపోయేటట్టే బిగించి ఉంది. అప్పుడు నిచ్చెన మీదికి వంగాడు. మెట్ల చివర్న దారపు కొసలు కత్తిరించకుండా అంగుళమున్నర పొడవున వేలాడుతున్నాయి. తేనెమైనం పట్టించిన తెల్లదారం. మైనం మీద ఏది నొక్కినా గుర్తు పడుతుంది.

కింది నుంచి లెక్కపెట్టాడు. మొదటి ఇరవై మూడు కొసలూ ఒకేచోట చప్పిడిగా అణిగి ఉన్నాయి. అణిగిన చోట ఒక నున్నటి గుంట, దాని పక్కన ఏటవాలు గీత. ఇరవై మూడింటికీ అదే గుంట, అదే గీత.

పైన పంతొమ్మిదింటికి ఆ గుర్తు లేదు. వాటి కొసలు గుండ్రంగానే ఉన్నాయి. కానీ రంగు తేడా. కిటికీ తెర లాగి వెలుగులో చూశాడు. లేత పసుపు.

ఆ పసుపు ఏమిటో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

*

భూపేష్ రెండుంబావుకు వచ్చాడు. అతని వెనకే ఓబుళేశు గదిలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. పొమ్మని ఎవరూ అనలేదు.

"చెప్పన్నా. ఓడ ఏమంటాంది?"

"ఈ నిచ్చెన ఇక్కడ కట్టింది కాదంటోంది."

ఏసుకుమార్ రెండు కాగితాలూ చూపించాడు. భూపేష్ వంగి చూశాడు. తొందరపడలేదు. ఈ మనిషి మూర్ఖుడై ఉంటే బాగుండేదని ఏసుకుమార్‌కు ఎప్పుడూ అనిపిస్తుంది.

"కాగితం మార్చుంటారు."

"టీ ముద్ర ఉంది. ఐదున్నరకు ఇదే కాగితం ఇక్కడ ఉంది. ఆ తర్వాత ఒక్క జిగురు చుక్క దీని మీద పడలేదు. అంటే ఆ తర్వాత ఇక్కడ ఎవరూ ముడి వేయలేదు. నిచ్చెనను ఇంకెక్కడో, పలక మీద, ముందే కట్టి పెట్టుకున్నారు. ఫోటోలో ఉన్న ఐదు దారాలు కోసి తీసేసి, పైన ఐదు ఉచ్చులు కొయ్యకు తగిలించి, కింద ఐదు కొసలు అంచుకు కట్టేస్తే చాలు. పావుగంట పని. ఓబుళేశప్పా, నీకు తెలిసిన పనే కదా, అట్ల కట్టొచ్చా?"

"కట్టొచ్చు," అన్నాడు ఓబుళేశు. "పుస్తకాల్లో ఉండాది. మా బావ ఒప్పుకునేవాడు కాదు. ఓడ మీద కట్టిందే కట్టడమనేవాడు."

"అందుకే బావ కట్టలేదు. భూపేషూ, నీ మూడున్నర గంటలు పోయినాయి. ఆయన ఎనిమిదిన్నర దాకా బతికున్నాడనడానికి నీ దగ్గర ఇంకేమీ లేదు. ఐదు నలభైకి శివలీల పోయింది. ఆరు పదికి ఈయన పోయినాడు. ఆ అరగంట చాలు."

ఓబుళేశు గోడ నుంచి కదల్లేదు. "నోరు జారొద్దు ఏసుకుమారూ. చావింట్లో ఉండావు."

"నోటి సంగతే చెప్తున్నా," అని ఏసుకుమార్ భూతద్దం భూపేష్ చేతికిచ్చాడు. "కింది ఇరవై మూడు కొసలు చూడు. పంటి గాట్లు. కొస పట్టుకునే మనిషి లేక, పళ్ళతో పట్టుకుని ఒక్కడే కట్టినాడు. తిమ్మయ్య నోట్లో ఆ మూడు రోజులు ఒక్క పన్ను లేదు. డాక్టరును అడుగు, సెట్టు ఇంకా అతని దగ్గరే ఉంటుంది. శివలీల వచ్చి కొస పట్టుకుందంటావా, మరి పళ్ళతో పని ఏముంది? గుంట పక్కన ఏటవాలు గీత చూడు. ముందు పన్ను విరిగిన మనిషి."

భూపేష్ చాలాసేపు చూశాడు. తర్వాత ఓబుళేశు ముఖం వైపు చూశాడు. ఓబుళేశు నోరు మూసుకున్నాడు.

"ల్యాబుకు పంపిస్తా," అన్నాడు భూపేష్ చివరికి. "రిపోర్టు మూడు నెలలు. కోర్టు నాలుగింటికి."

"భూపేషూ."

"ఆగన్నా. నువ్వు ఇరవై మూడు చూపించినావు. నిచ్చెనకు నలభై రెండు మెట్లు." అతను భూతద్దం పైకి జరిపాడు.  అతని గొంతు మారింది. "ఈ పసుపేంది?"

ఏసుకుమార్ కిటికీ తెరను ఇంకొంచెం పక్కకు లాగాడు.

"పసుపే కదా. వంటింటి పసుపు. పంతొమ్మిది కొసలకు. ఎవరో ఆడమనిషి వేళ్ళతో పట్టుకుంది. ఈ ఇంట్లో వంట చేసేదెవరు, కొస పట్టడం తెలిసిందెవరు?" భూపేష్ భూతద్దం బల్ల మీద పెట్టాడు. "ఇంటి దగ్గర కూర్చోని ముందుగానే కట్టుకున్నారు. ఆమె, ఇంకెవడో విరిగిన పన్నోడు. ఆమె కోపంలో చేసిందని నేను అనుకుంటాండా. నువ్వొచ్చి, ముందే పన్నాగం పన్నింది అని నిరూపించినావు. పెద్ద సాయం చేసినావన్నా."

"ఆమెకు పన్నాగం ఎందుకు? ఆ మూడున్నర గంటల లెక్కతో తప్పించుకున్నది ఆమె కాదు కదా."

"అది కోర్టులో చెప్పు. గోపన్నా, దారాలు ప్యాక్ చెయ్యి. స్టేషన్‌కు చెప్పు, మూడుంబావుకు జీపు ఎక్కించమని."

ఓబుళేశు ఊపిరి వదిలాడు. చప్పుడు లేకుండానే వదిలాడు, కానీ వదిలాడు.

రెండు యాభై.

ఏసుకుమార్ గదిలో అటూ ఇటూ చూశాడు. తాను తవ్విన గుంతలో ఇంకొకరిని పడేయడం అతనికి రెండోసారి. బల్ల కింద పెండ్లి పత్రికల అట్టపెట్టె కనిపించింది. వంగి మూత తీశాడు. ఓబుళేశు కూతురు శ్రావణి పెండ్లి పిలుపులు. పత్రికల కింద, పెట్టె అడుగున, పత్రికల కంటే పెద్దదైన థర్మాకోల్ పలక ఒకటి. దాని నిండా ఐదు వరసల్లో సూది బెజ్జాలు.

అతను పలకను బయటికి తీసి ఓడ పక్కన ఆనించాడు. ఐదు నిలువు దారాలకు ఐదు వరసలు సరిపోయాయి. పలక అంచున బొటనవేలంత పసుపు మరక. ఈ మరక వంటింటిది కాదు, మరీ చిక్కగా ఉంది. తడి పసుపు.

పెండ్లి పత్రికలు. పెండ్లి ఇల్లు. పెండ్లి పసుపు.

"ఓబుళేశప్పా," అన్నాడు మెల్లగా, "మీ ఇంట్లో పసుపు ఎప్పుడు కొట్టినారు?"

ఓబుళేశు చూపు తలుపు వైపు తిప్పుకున్నాడు.

"పెండ్లికి ముందు ముత్తైదువులు కొమ్ములు దంచుతారు కదా. ఎప్పుడు దంచినారు?"

"ఆదివారం," అంది ఒక ఆడగొంతు.

గుమ్మంలో కృష్ణవేణమ్మ నిలబడి ఉంది. భర్త పోయిన నాలుగో రోజు. పదో రోజు దాకా మూల గది దాటి రాకూడదని ఇంటి ఆడవాళ్ళు కూర్చోబెట్టిన మనిషి. ఆమె వెనక ఎవరో "వదినా, రా వదినా, మగోళ్ళుండారు" అని కొంగు పట్టుకుని లాగుతున్నారు. బుధవారం నుంచి సీలు వేసి ఉన్న ఈ గదిని ఆమె ఇప్పుడే చూస్తోంది. ఆమె కళ్ళు పలక మీద ఉన్నాయి.

"అక్కా, నువ్వు లోపలికి పో," అన్నాడు ఓబుళేశు.

ఆమె రెండడుగులు లోపలికి వేసింది. ఓడ చూసింది. కుడి పక్క నిచ్చెన చూసింది.

ఏసుకుమార్ ఆమెను అడగాలి. ఒక్క ప్రశ్న. అది అడిగితే ఆ వంటమనిషి ఇంటికి పోతుంది, ఈమెకు పుట్టిల్లు పోతుంది. మూడు గంటల రెండు నిమిషాలు. పదమూడు నిమిషాల్లో జీపు. 'ఎవరైనా సరే' అన్నది నువ్వే కదమ్మా అని గుర్తు చేయడానికి నోరు రాలేదు. ఉమామహేశ్ గుర్తొచ్చాడు. నోరు తెరిచాడు.

"అమ్మా, ఆదివారం మీ తమ్మునింట్లో..."

"అడగొద్దప్పా. నేను చెప్తా." ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. "పొద్దున పసుపు దంచినాము. మధ్యాన్నం అందరూ పండుకున్నారు. ఓబుళేశు మిద్దె మీద గదిలో ఒక్కడే కూర్చోని, ఈ పలక ముందర పెట్టుకోని, నోట్లో దారం కరుచుకోని కడ్తాండాడు. పెదవి తెగింది. 'ఏందప్పా ఇది' అంటే, 'బావకు చెప్పొద్దక్కా, పుట్టినరోజుకు కుడి నిచ్చెన మొత్తం కట్టి తీసుకపోతా, ఆశ్చర్యపోవల్ల' అన్నాడు."

భూపేష్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పెన్ను తీయడం మర్చిపోయాడు.

"ఆయన పుట్టినరోజు వచ్చే నెల," అంది ఆమె.

"అక్కా, ఒగ మాట ఇను." ఓబుళేశు గోడ వదిలాడు. "ఆయన సంతకమూ ఉండాది దాంట్లో. ఆయన చెప్తే నేనొక్కణ్ణే కాదు, ఆయనా జైలుకే. మన ఇంటి పరువు, శ్రావణి పెండ్లి. ఎంత చెప్పినా ఇనలే. 'ఇద్దరు మనుషులు సచ్చినారు ఓబుళేశూ' అంటాడు. నేనేం చేసేది?"

 షామియానా కింద ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తను ఏమి అన్నాడో ఓబుళేశుకు అప్పుడు తెలిసింది. తలుపు వైపు చూశాడు. గోపన్న తలుపుకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

"కారు తాళాలు ఇయ్యి," అన్నాడు భూపేష్. "గొలుసు కోసం ముందు కారే చూస్తాం."

ఓబుళేశు తాళాలు ఇచ్చాడు. భూపేష్ ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపాడు. "ఆమెను జీపు ఎక్కించొద్దు... అవును, కోర్టుకు నేనే వస్తాండా, వేరే మనిషితో." ఫోన్ పెట్టేశాక కూడా ఏసుకుమార్ వైపు చూడలేదు. భూతద్దాన్ని తీసి, అద్దాలు చొక్కాతో తుడిచి, జాగ్రత్తగా మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

కృష్ణవేణమ్మకు ఇవేవీ వినిపించినట్టు లేదు. నిచ్చెన పై నుంచి వేలాడే ఒక కొసను బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుంది. గోపన్న వద్దనబోతే ఏసుకుమార్ చెయ్యి ఎత్తి ఆపాడు. ఆమె వేళ్ళ గోళ్ళ సందుల్లో ఆదివారం పసుపు ఇంకా పోలేదు. వచ్చే గురువారం పదో రోజు. ఆ రోజు ఆమె పసుపూ కుంకుమా తీసేస్తారు.

"వాని పెదవి రక్తం కారుతాంటే చూడలేక నేనే కూర్చున్నా," అంది. "ఎట్ల పట్టుకోవల్లరా అంటే, 'ముడి పడేదాకా వదలొద్దక్కా, అంతే' అన్నాడు."

 ఆమె దారపు కొసను బిగువుగా లాగి పట్టుకుంది, ఎదుటి కుర్చీలో ఎవరో ముడి వేస్తున్నట్టు.

"వదల్లేదప్పా. ఒగ్గటి కూడా వదల్లేదు."